నీటి బరువు, గాలం బరువు

అనంతపురం పీఠభూమిలో కాలినడకన బయలుదేరేవారు సంచిలో మొదట సర్దవలసింది నీళ్లు. లీటరు నీరు కిలో బరువు. రోజంతా ఎండలో నడిచే ఇద్దరికి ఎనిమిది లీటర్లైనా కావాలి. మిగిలిన సామాను ఏదైనా దాని తర్వాతే. అందుకే మా అబ్బాయి ముచ్చటపడిన పొడవాటి గాలపు కర్రను ఇంట్లోనే ఉంచి, నాలుగు ముక్కలుగా విడిపోయే ఆరడుగుల కర్రను, రెండువేల నంబరు చిన్న రీలును తీసుకున్నాం. రెండూ కలిపి అరకిలో లోపే. ఒకదానిలో ఒకటి దూరే కర్ర ఇంకా పొట్టిగా ముడుచుకుంటుంది గాని, ఇసుక చేరితే బిగుసుకుపోతుంది.

దారం దగ్గర మాత్రం పిసినారితనం కూడదు. కొరమీను నాచులోకి దూరితే సన్నని నైలాను నిలవదు. అల్లిక దారమే మేలు.

బుక్కరాయసముద్రం చెరువును 1364లో మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడెయరు కట్టించాడు. ఇలాంటి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సంఘాలది; వారిని అడిగిన తర్వాతే గాలం వేయాలి.

మేము వెళ్లింది వానలు పడిన నెల. గట్టు పక్కన ఎర్రని పిల్లల గుంపు గాలి పీల్చుకోవడానికి బుడబుడమంటూ పైకి వచ్చింది. వాటి కింద పెద్ద కొరమీను కాపలా.

“అబ్బా, ఒక్క విసురు!” అన్నాడు వాడు.

ఎర అక్కడ పడితే అది కరవక మానదు. ఆ తర్వాత పిల్లలు ఇతర చేపల పాలే. రీలు చుట్టమన్నాను. వాడు అలిగాడు. చెరువు నీటితోనే వుజూ చేసి అస్ర్ నమాజు చదువుకున్నాం. రొట్టెల్లోకి ఊరుమిండే మిగిలింది.