వ-కి గుడిస్తే

పక్షవాతం వచ్చిన మూడో వారానికి అమ్మకి చెయ్యి కదిలింది గానీ మాట రాలేదు. పదాలు చూపించి రోజూ చదివించమంది స్పీచ్ థెరపిస్టు. అట్టముక్కల మీద రాసినా సరిపోయేది. ఇంజనీర్ని కదా, గాజువాక ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి సి లో ఓ ప్రోగ్రామ్ రాశాను. పదం పెద్దక్షరాల్లో, ఒక్కొక్కటీ సెకను ఆగి ఆగి రావాలి.

పుట్‌చార్, తర్వాత స్లీప్. మళ్ళీ పుట్‌చార్. రన్ చేస్తే ఖాళీ తెర. అమ్మ దాన్నే చూస్తోంది. పదిహేను సెకన్లయ్యాక "విశాఖ" ఒక్కసారిగా వచ్చిపడింది. అమ్మ నా మొహంలోకి చూసింది, తప్పు తనదేమో అన్నట్టు.

తప్పు నాది. పుట్‌చార్ అంటే తెర మీద రాయడం కాదు, బఫర్‌లో వేయడం. టెర్మినల్‌కైతే మామూలుగా కొత్త లైను వచ్చేదాకా అది అక్కడే ఉంటుంది, ఫైలుకైతే బఫర్ నిండేదాకా. వైవాలో గడగడా చెప్పి మార్కులు తెచ్చుకున్న సంగతే! ప్రతి పుట్‌చార్ తర్వాతా ఎఫ్‌ఫ్లష్ పెట్టాను.

ఈసారి ఇంకో తప్పు. పుట్‌చార్ పంపేది ఒక్క బైటే. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటీ 3 బైట్లు, గుణింతం గుర్తుకి మళ్ళీ విడిగా కోడ్. మనం మూడక్షరాలనుకునే "విశాఖ" 15 బైట్లు. మూడు సెకన్లకి ఉత్త "వ" వచ్చింది. ఇంకో మూడు సెకన్లకి దాని నెత్తిన గుడి వాలింది. అక్షరాన్ని ముక్కలు చేయకుండా ఎఫ్‌పుట్స్‌తో పంపాలి. సరిచేద్దామని లాప్‌టాప్ నా వైపు తిప్పుకోబోయాను.

"వ-కి గుడిస్తే..." అంది అమ్మ.

ముద్దముద్దగానే. నాకు పలక మీద నేర్పినప్పటి రాగం మాత్రం చెక్కుచెదరలేదు. సొంతమాట పోయినా అంకెలు, వారాల పేర్లు, ఇలా వల్లెవేసినవి కొందరికి మిగులుతాయని థెరపిస్టు తర్వాత చెప్పింది. ఆ బగ్‌ని అలాగే ఉంచేశాను.

మర్నాడు "విశాఖ ఉక్కు" వేశాను. మధ్యలో ఖాళీతో కలిపి 31 బైట్లు, 31 సెకన్లు. అమ్మ అంతసేపు ఆగలేదు. ఉక్కులో రెండో క రాకముందే "ఆంధ్రుల హక్కు" అనేసింది. 1966 నాటి నినాదం. నాన్న ప్లాంటులోనే రిటైరయ్యాడు. 2021లో కూర్మన్నపాలెం దీక్షా శిబిరానికి ఆయనతోపాటు అమ్మ కూడా వెళ్ళి కూర్చునేది. పక్కగదిలోంచి నాన్న కళ్ళజోడు లేకుండానే పరిగెత్తుకొచ్చాడు.

నా పేరింకా రాలేదు. ప్రోగ్రామ్‌లో ఆఖరి పదం అదే. రోజూ సాయంత్రం బైటు బైటుగా వస్తుంది, అమ్మ చూస్తుంది.