సీలు విప్పని సంగీతం

నాచారం రామకృష్ణా స్టూడియోలో తీసిన 'దానవీరశూరకర్ణ' సినిమా 1977 సంక్రాంతికి విడుదలైంది. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణల ఎల్పీలను జనం అరిగేదాకా విన్నారు. ఇవాళ ఉప్పల్లోనో నాచారంలోనో మేలైన నాదం కోరేవారికని వేసే ఆడియోఫైల్ రికార్డుల పరిమిత ముద్రణ కొనేవారి ఇరకాటం వేరు. సీలు విప్పితే ధర తగ్గుతుంది, విప్పకపోతే నాదం తెలియదు. రెండూ దక్కుతాయనే మాట నేను నమ్మను. 2022లో అమెరికా సంస్థ మొబైల్ ఫిడెలిటీ వేసిన చాలా రికార్డుల తయారీలో డిజిటల్ దశ ఉందని బయటపడింది. అవి పూర్తిగా అనలాగ్ అనుకున్న శ్రోతలు, సమీక్షకులు ఏళ్ల తరబడి ఆ తేడాను చెవితో పట్టలేకపోయారు. తెలిశాక కొన్నవారిలో కొందరు కోర్టుకెక్కారు. మోసపోయామన్న కోపం న్యాయమైనదే. కానీ అక్కడ దెబ్బతిన్నది వినికిడి కాదు, నమ్మకమూ మారుబేరమూ.

పరిమిత ముద్రణంతా వ్యాపార జిత్తేనా అంటే, కాదు. వన్-స్టెప్ పద్ధతిలో మధ్య నకళ్లు లేకుండా లక్క డిస్కు నుంచే అచ్చు తీస్తారు. అచ్చు అరిగితే మళ్లీ కొత్త లక్క కోయాల్సిందే, అందుకే కాపీలు తక్కువ. అయితే డిజిటల్ మాస్టర్ ఉంటే ఎన్ని లక్కలైనా కోయొచ్చు. మొబైల్ ఫిడెలిటీ 'థ్రిల్లర్' ఆల్బమ్‌ను వన్-స్టెప్‌లో 40,000 కాపీలు వేస్తామని ప్రకటించినప్పుడు, వెనక డిజిటల్ మాస్టర్ ఉందేమోనన్న అనుమానం పుట్టింది అందుకే. అంకె వేసినంత మాత్రాన అరుదైపోదు. నాదం కోసమే కొంటున్నవారు సీలు తీసేయండి, మిగిలిన డబ్బు మంచి సూదికి పెట్టండి.