షిగరాకి పాత్రలు – పూల నిలుకడ

పూలను పాత్రలో నిలుపుట యొక విద్య. పాత్రకు హాని కలుగకుండ నిలుపుట మఱియొక విద్య. ఈ రెండవది తెలియక మేము చేసిన తప్పును, దానిని దిద్దుకొను మార్గమును జపానుదేశమున నేర్చుకొనిన విధమును సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మా తోడికోడలు ఉద్యోగము చాలించిన పిదప హైదరాబాదులో మట్టిపని నేర్చుకొని, స్వహస్తములతో చేసిన వెడల్పాటి పాత్ర నొకదానిని మాకు కానుకగా నిచ్చెను. లోపల నీలిరంగు మెఱుగు. అంచు కొంచెము వంకర. అడుగు కొంచెము ఎత్తుపల్లము. అందులో కొమ్మలు నిలుపుటకై మేము ఇత్తడి సూదులు గల సీసపుదిమ్మ నొకటి కొని తెచ్చితిమి. అడుగు సమముగా లేనందున దిమ్మ ఊగులాడెను; మందారపుకొమ్మ గ్రుచ్చినంతనే ఒరగెను. మేము తొందరపడి, గొట్టముల నతుకు గట్టిజిగురుతో దానిని పాత్రకు అంటించితిమి. నెల గడచునప్పటికి దిమ్మక్రింద నీరు మురిగి వాసన కొట్టజొచ్చెను. కత్తితో పెల్లగింపగా దానితోపాటు రూపాయిబిళ్లంత మెఱుగు ఊడివచ్చెను. అడుగున సన్నని బీట కనబడెను. పాత్రను బీరువాలో దాచి, "అంత మంచిదానిని వాడుటకు మనసొప్పలేదు" అని తోడికోడలితో అబద్ధమాడితిమి.

ఆ తరువాత మార్గశిరమాసమున, ఒసాకాలో ఉద్యోగము చేయుచున్న మా కుమారుని చూడబోయి, అతనితో క్యోటోనగరమునకు పోయితిమి. అచ్చట నడివీథుల మేడల నడుమ రొక్కాకుదో అను ఆలయము కలదు. ప్రక్క మేడయొక్క అద్దపు లిఫ్టు నెక్కి చూచిన దాని ఆఱుమూలల పైకప్పు స్పష్టముగా కనబడును. ఈ యాలయపు అర్చకులు కొలనుచెంత నివసించి, బుద్ధునకు పూలు సమర్పించుచుండిరట. వారి సంప్రదాయమునకే ఇకెనొబొ అని పేరు. కొలనుప్రక్క కుటీరమని దాని యర్థము. ఆ వంశపు సెంకెయి అనునతడు అమర్చిన పూలను జనులు వింతగా చూచిరని 1462వ సంవత్సరమునాటి వ్రాత యొకటి నిలిచియున్నది.

సూదులదిమ్మ లేని ఆ కాలమున కొమ్మలు ఎట్లు నిలిచెనో విన్నప్పుడు మాకు ఇల్లు జ్ఞప్తికి వచ్చెను. వరిగడ్డిని బిగువైన కట్టలుగా కట్టి, పాత్రమూతిలో దట్టముగా దిగగొట్టి, అందు కొమ్మలను గ్రుచ్చెడివారు. సన్నమూతి పాత్రలకు చీలినపుల్లను అడ్డముగా బిగించి, ఆ చీలికలో కాడను నిలుపుదురు. మనయిండ్ల నరటిబోదెముక్కలో ఊదువత్తులు గ్రుచ్చుట లేదా? తంగేడాకులును పూలకాడలును లోపల కూరుచు బతుకమ్మను ఎత్తుగా పేర్చుట లేదా? వీనిలో ఏదియు పాత్రకు అంటుకొనియుండదు. పండుగ కాగానే పళ్లెము కడిగి బోర్లించుదుము. మేము జిగురు పూసిననాడు ఈ సంగతి మఱచితిమి.

పందొమ్మిదవ శతాబ్దపు చివర ఒహారా ఉన్షిన్ అనునతడు పడమటిదేశపు పూలనుగూడ చేర్చి, లోతులేని వెడల్పుపాత్రలలో అమర్చు పద్ధతిని ప్రచారము చేసెను. అట్టి పాత్రలలో కాడలు నిలువవలెనన్న అడుగుననే ఆధారము కావలెను. నేడు ఆ పనికి విరివిగా వాడబడునది సూదులదిమ్మయే. దానిని కెంజన్ అందురు. కత్తులకొండ యని యర్థము.

మఱునాడు షిగరాకికి పయనమైతిమి. కుసాత్సులోను, కిబుకావాలోను బండ్లు మాఱి, చిన్న రైలెక్కితిమి. ఆ మార్గము మొత్తము 14.7 కిలోమీటర్లే. మొదటి స్టేషను వచ్చువఱకు కొండయెక్కుచు అడవి నడుమ సాగును. జపానులోని ఆఱు ప్రాచీన కుమ్మరికేంద్రములలో షిగరాకి యొకటి. బండి దిగగానే గడ్డిటోపీ పెట్టుకొని, బొజ్జ ముందుకు పెట్టిన తనుకి బొమ్మలు స్వాగతమిచ్చెను. తనుకి యనగా అచ్చటి అడవులలో తిరుగు నక్కజాతి జంతువు. 1951లో చక్రవర్తి ఆ యూరికి వచ్చినప్పుడు ఈ మట్టిబొమ్మలచేత జెండాలు పట్టించి బాటప్రక్కన వరుసగా నిలిపిరట.

అచ్చటి మట్టి గరుకు. కాలినపిదప తెల్లని రాతిపలుకులు పైకి తేలి, అటుకులు చల్లినట్లుండును. ఒక చిన్న యంగడిలో అట్టి పాత్రలను చూచుచు, అంగడి వృద్ధురాలికి మా కుమారుని ద్వారా మా కథ చెప్పితిమి. ఆమె మమ్ము తప్పుపట్టలేదు. "అంటించిన తరువాత ఎట్లు కడిగితిరి?" అని మాత్ర మడిగెను. మాయొద్ద జవాబు లేదు.

ఆమె ఒక్కొక్కటి చేసి చూపెను. దిమ్మను పాత్రలో పెట్టి, అంచున నలువైపుల వ్రేలితో నొక్కిచూడవలెను. కొంచెమే ఊగినచో దిమ్మచుట్టు రబ్బరుపట్టీ తొడిగిన చాలును. జాఱదు, అడుగును గీయదు. ఎక్కువ ఊగినచో నీటికి కరగని మెత్తని మైనపుముద్ద కావలెను. పాత్రయు దిమ్మయు పూర్తిగా పొడిగా నుండవలెను. తడి యున్నచో ముద్ద పట్టదు. దానిని చేగోడివలె సన్నగా పేని, దిమ్మక్రింద చుట్టుగా అంటించి, పాత్రలో నుంచి, కొంచెము త్రిప్పుచు నొక్కవలెను. ఆపైననే నీరు పోయవలెను. తీయునపుడు మరల మెల్లగా త్రిప్పిన ఊడివచ్చును.

మెఱుగు లేని పాత్రలో ముద్ద పెట్టినచో నూనెమరక పడవచ్చును. అందుచేత లోపల గాజుపళ్లెమునో, లోహపుగిన్నెనో ఉంచి, దానిలో దిమ్మను నిలుపుదురు. లోపలిగిన్నెను ఒతోషి యందురు. కొమ్మ బరువై ఒకప్రక్కకు వంగినచో, దానికెదురువైపున మఱియొక దిమ్మను తలక్రిందుగా పెట్టి, సూదులలో సూదులు చిక్కునట్లు నొక్కుదురు. ఆ బరువుతో మొదటిది లేవదు.

"పాత్రతోపాటే దిమ్మనుగూడ కాల్చరాదా?" అని మేమడిగితిమి. ఆమె నవ్వెను. సీసము 327 డిగ్రీలకే కరగును; ఆ మట్టి కాలుటకు 1200 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. కుమ్మరి చేయగలిగినది పచ్చిమట్టిలో దిమ్మ కూర్చొనుటకు చిన్న గట్టు కట్టుటయే. మట్టి ఆఱి కాలునప్పటికి ఇంచుమించు పదవవంతో, అంతకు మించియో కుదియును గనుక, గట్టును దిమ్మకంటె పెద్దదిగా కట్టవలెను. దిమ్మలో సీసమున్నది గనుక ముట్టినపిదప చేతులు కడుగుకొనవలెననియు, ఆ పాత్రను వంటకు వాడరాదనియు గూడ హెచ్చరించెను.

ఇల్లు చేరిన వారమునకు సంక్రాంతి వచ్చెను, తోడికోడలును వచ్చెను. మేము బీరువా తెఱచి పాత్రను ఆమె చేతిలో పెట్టి, "అక్కయ్యా, మీ పాత్రను మేమే పాడుచేసితిమి. అబద్ధము చెప్పితిమి" అంటిమి. ఆమె బీటపై బొటనవ్రేలు నడిపి, కొంతసేపు మాటాడలేదు. తరువాత, "నచ్చక దాచితి రనుకొంటిని. రెండేండ్లుగా ఆ మాటే మనసులో మెదలుచున్నది. పగిలినదని అప్పుడే చెప్పియుండిన బాగుండెడిది" అనెను. మా యబద్ధము బీటకంటె ఎక్కువ హాని చేసెనని మేము అప్పుడు గ్రహించితిమి.

ఆ సాయంకాలము ఆమెయే క్యోటోనుండి తెచ్చిన గాజుపళ్లెమును పాత్రలో అమర్చి, రబ్బరుపట్టీ గల దిమ్మను నిలిపి, నందివర్ధనపుకొమ్మ నొకటి, బంతిపూలు రెండు గ్రుచ్చెను. బీట పళ్లెముక్రింద నున్నది. నీరు దాని నంటదు. తరువాత మా దిమ్మను కాగితముపై పెట్టి చుట్టు గీచుకొని, ఆ గీతకు వెలుపల మఱియొక పెద్ద గీత గీచి, మడిచి సంచిలో పెట్టుకొనెను. క్రొత్తపాత్ర ఉగాదికి కాలునట. మేము ప్రతి ఉదయము దిమ్మను తీసి, కడిగి, నీరు మార్చుచున్నాము.