విసుగక ప్రార్థిద్దాం

మొన్న ఉదయగిరిలో ఒక తల్లి, "అయ్యగారూ, తొమ్మిదేళ్లు ప్రార్థించాను, నా బిడ్డ తాగుడు మానలేదు. ఇక అడగను" అంది. నాకు మాట రాలేదు. మా అన్న రక్షణ కోసం ప్రార్థించడం నేనూ ఎప్పుడో మానేశాను.

ఆత్మకూరు బస్సులో వస్తుంటే నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొరగారు గుర్తొచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురే ఒంగోలు కొండపై మోకరించి, ఆ ఊరికి సేవకుణ్ణి పంపమని అడిగారు. నెల్లూరు మిషన్‌నే మూసేద్దామని అమెరికాలో అనుకుంటున్న రోజులవి. క్లౌ దొరగారు ఒంగోలు చేరింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

లూకా 18లోని విధవరాలిలా వాళ్లు అడగడం మానలేదు. రాత్రే ఆ తల్లికి ఫోన్ చేశాను: "అమ్మా, రేపటినుంచి వేకువన మీ బిడ్డ కోసం నేను అడుగుతాను. మా అన్న కోసం మీరు అడగండి."