చూసే కన్ను ఉంటే...

మీ ఊరి శివార్లలో రాయి తీసి వదిలేసిన క్వారీ గుంట ఉందా? ఉంటే నా భయం మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. కరీంనగర్ దగ్గర మా ఊళ్లో గ్రానైట్ తీసిన గుంట ఒకటుంది. నిండా వాన నీళ్లు, గోడల్లా నిటారు గట్లు. పదేళ్ల కిందట ఈతకు దిగిన మా పెద్దమ్మ మనవడు మళ్లీ పైకి రాలేదు. అప్పట్నుంచి మా బాబును ఆ దారినే పోనివ్వలేదు నేను.

తర్వాత మావారికి రాంచీ బదిలీ అయింది. పక్కనున్న రామ్‌గఢ్ జిల్లాలో, బొగ్గు తీసి వదిలేసిన గోతుల్లో చేపలు పెంచుతున్నారని తెలిసి చూద్దాం పదమన్నారు. గట్టు మీద నిలబడితే నా కాళ్లు వణికాయంటే నమ్మండి!

నీళ్ల మీద పైపుల చట్రాలు, వాటిని తేల్చే ప్లాస్టిక్ డ్రమ్ములు, కింద వేలాడే వలలు. వీటినే కేజ్‌లంటారు. ఒక్కోటి మన గదంత ఉంటుంది. సాధారణంగా 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు.

"చేపల్ని గోతిలోకే వదిలేయొచ్చుగా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను.

"ఇంత లోతులో వల ఎలా లాగుతాం బేటీ? అడుగున చేపకు గాలి కూడా అందదు" అన్నాడు కాపలా తాత.

వాళ్లు వేసేది పంగస్, తిలాపియా. నీళ్ల మీద తేలే మేత చల్లుతారు. ఎంత తిన్నాయో కంటికి కనిపిస్తుంది కాబట్టి మేత వృథా కాదు. రెండు కిలోల పంగస్ కొని తెచ్చాను. దానికి పొలుసుండదు, తోమే పని తక్కువ. ఉప్పు, పసుపు రాసి కడిగి చింతపండు పులుసు పెడితే పిల్లలు గిన్నె ఖాళీ చేశారు.

నాకు మాత్రం చేపల కంటే ఆ తాతే గుర్తుండిపోయాడు. పడవెక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ తొడిగించాడు. గట్టెక్కిన పిల్లల్ని కేకేసి వెనక్కి పంపాడు. మా గుంటకి లేనిది అదే... చూసే కన్ను!

ఊరికి తిరిగొచ్చాక మహిళా సంఘంలో ఈ మాట ఎత్తాను. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకు 60 శాతం దాకా సాయం పెట్టిన సంగతీ చెప్పాను. అయితే గుంట ఎవరి అధీనంలో ఉందో తెలుసుకోవాలి, నీళ్లు పరీక్ష చేయించాలి, మత్స్యశాఖ వాళ్లను అడగాలి. ఇవన్నీ తేలేదాకా ఆగకుండా ముందు కంచె వేయించమని పంచాయతీకి అర్జీ రాశాం.

మా పెద్దమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. అర్జీ మీద మొదటి సంతకం మాత్రం ఆవిడదే.

మరి మీ ఊరి గుంటకి కంచె ఉందా? ఒకసారి చూసి రండి.