జూలూరుపాడు తెడ్డు... ఏటికొప్పాక లాకెట్టు!

ఖమ్మంలో బస్సెక్కి వైరా, తల్లాడ, ఏన్కూరు దాటితే జూలూరుపాడు వస్తుంది. దారిపొడుగునా పత్తి చేలు, మిర్చి కళ్లాలు, ఆ వెనకాల అడవి. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మండలం. మా పిన్ని అత్తవారి ఊరు ఇదే. బాబాయి దినాలైన చాన్నాళ్లకి గానీ మళ్లీ వెళ్లలేకపోయాను.

పిన్ని ఎప్పటిలాగే కొసరి కొసరి వడ్డించింది. మెడ మాత్రం బోసిగా ఉంది. నా చూపు అక్కడ ఆగడం గమనించి పమిట మెడ చుట్టూ కప్పుకుంది. ఏ శుభకార్యానికీ గడప దాటడం లేదని కోడలు వంటింట్లో మెల్లిగా చెప్పింది.

ఆ వంటింటి గోడకే వరసగా తెడ్లు వేలాడుతున్నాయి. అన్నీ బాబాయి చెక్కినవే. చేను గట్టున పెరిగిన తెడ్లపాల కర్రవి. పేరులోనే తెడ్డుంది చూశారా! ఆకు తుంచితే పాలు కారతాయి. కర్ర తెల్లగా, నున్నగా ఉండి చెక్కడానికి వీలుగా ఉంటుంది. పూర్వం దీని ఆకుల నుంచి నీలిరంగు కూడా తీసేవారు.

ఉట్టి మీంచి పిన్ని మరొకటి దించింది. ఇంకా సగమే చెక్కిన మందపాటి తెడ్డు.

"పురుగు చిల్లు బయటపడిందని వదిలేశాడే అమ్మాయ్. పొయ్యిలో పెట్ట మనసొప్పలేదు" అంది.

"నాకిస్తావా పిన్నీ?" అని అడిగి తెచ్చుకున్నాను.

ఈ తెడ్లపాలనే కోస్తాలో అంకుడు అంటారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఈ కర్రతోనే చేస్తారు. ఇంకేం! ఖమ్మంలో రైలెక్కి, విజయవాడ మీదుగా ఎలమంచిలిలో దిగి, ఆటోలో ఏటికొప్పాక చేరాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను మళ్లీ వాడకంలోకి తేవడానికి కృషి చేసిన ఈ ఊరి సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పసుపు, నీలి, జాఫ్రా గింజలు... మన పెరటి సరుకే రంగవుతుంది.

లేత్ మిషన్ మీద కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి బొమ్మను తీస్తారు. రంగు కలిపిన లక్క కడ్డీని ఆ తిరిగే కర్రకి అదిమితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

నా తెడ్డు చూసి పనివాడు కాసేపు తల గోక్కున్నాడు. "నడిమధ్యన తిప్పితే ఈ చిల్లు ఓ పక్కన మచ్చలా ఉండిపోద్దమ్మా. చిల్లు దగ్గరే నడుమ పెడితే పోలా?" అన్నాడు.

ముందు రెండంగుళాల బిళ్ల కోసి, మామూలుగానే మధ్యలో నిలబెట్టి అంచు గుండ్రంగా తీశాడు. తర్వాత ఊడదీసి, ఈసారి చిల్లు సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా మళ్లీ అతికించాడు. ఇప్పుడు బిళ్లలో ఎక్కువ భాగం ఒక పక్కకే ఉంది కదా, మిషన్ వణికింది! వెంటనే వేగం తగ్గించాడు. అంచు సరిగా కనబడదు, నీడలా తిరుగుతుంది. వేలు పెడితే ఇంతే సంగతులు. నన్ను కూడా పమిట బిగించుకుని దూరంగా నిలబడమన్నాడు.

చిల్లు చిటికెన వేలంత కిటికీ అయింది. దాని చుట్టూ రెండు వలయాలు నిండుగా వచ్చాయి. మూడోది అంచు దాటిపోయి నెలవంకలా ఆగింది. ఆ గీతల్లో పసుపు లక్క నింపాడు. లోపాన్ని దాచలేదు, దాని చుట్టూనే అందం తీశాడు.

ఇలా కేంద్రం జరిపి తిప్పే పని ఐరోపాలో ఒకప్పుడు గొప్పవాళ్ల వేడుకట. లండన్‌లో హోల్జాప్ఫెల్ సంస్థ 19వ శతాబ్దంలో ఇందుకు ప్రత్యేకంగా యంత్రాలే చేసి అమ్మింది. మా పనివాడికి ఆ సంగతి తెలియదు, చిల్లు చెప్పినట్టు నడుచుకున్నాడు, అంతే.

వచ్చేటప్పుడు జాగ్రత్తలూ చెప్పాడు. నీళ్లలో నానబెట్టకూడదు, స్నానానికి ముందు తీసెయ్యాలి, పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఎండలో, పొయ్యి దగ్గర ఉంచితే లక్క మెత్తబడుతుంది. మీ దగ్గర లక్క నగలుంటే మీరూ గుర్తుంచుకోండి.

నీలం పట్టుదారం ఎక్కించి జూలూరుపాడు తీసుకెళ్లాను. పిన్ని చాలాసేపు వేలితో ఆ కిటికీ అంచు తడిమింది.

"ఇది ఆ చిల్లేనా?"

"అదే పిన్నీ."

ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రం పక్కింట్లో బారసాల. పిల్లని చూడ్డానికి పిన్ని బయల్దేరింది. పమిట భుజాన సర్దుకుంది, మెడ మాత్రం కప్పుకోలేదు.