ఏ సంవత్సరం స్టాక్?

పాత కార్ల వాళ్ళలో రెండు మతాలున్నాయి. కంపెనీ గేటులోంచి ఎలా బయటికొచ్చిందో అచ్చంగా అలాగే ఉండాలి, నట్టూ బోల్టూ కూడా అప్పటివే కావాలి అనేది మొదటిది. స్టాక్ మతం అనుకోండి. ఎలాగూ పాతదే కదా, మంచి ఇంజను, ఏసీ, డిస్క్ బ్రేకులు పెట్టించి హాయిగా నడుపుకుందాం అనేది రెండోది. ఎమాక్స్, విఐ తగువులు చూసినవాళ్ళకి ఈ వాతావరణం కొత్తగా ఏమీ అనిపించదు :)

నేను రెండిట్లోనూ చేరలేకపోయాను. ఎందుకో చెప్తాను.

మాది 1984 ప్రీమియర్ పద్మిని. పేరుకే పద్మిని, మా ఇంట్లో ఎప్పుడూ ఫియటే. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బొంబాయి కుర్లాలో తయారవడం మొదలై, 1970ల్లో పద్మినిగా మారినా జనం నోట్లోంచి పాత పేరు పోలేదు. 1089 సీసీ ఇంజను, ఓ 40 హార్స్‌పవర్, స్టీరింగ్ పక్కనే గేరు, బూస్టర్ లేని డ్రమ్ము బ్రేకులు నాలుగు చక్రాలకీ. తెనాలిలో నాన్న పాతికేళ్ళ పైన నడిపారు. తర్వాత అది షెడ్డులో టార్పాలిన్ కింద పడుంది. ఆయనకిప్పుడు 79. "నేనుండగా ఒక్కసారి దాన్ని మళ్ళీ కదిలించరా" అన్నారు. అడగక అడగక అడిగిన కోరిక.

మా బావ వెంటనే రంగంలోకి దిగాడు. "బావా, ఆ డొక్కు ఇంజను తీసి అవతల పారేద్దాం. జపాన్ ఇంజను, పవర్ స్టీరింగ్, ఏసీ, అల్లాయ్ వీల్స్. మూడు లక్షల్లో అయిపోద్ది. పిల్లల్ని ఎక్కించుకుని హైదరాబాద్ దాకా వెళ్ళొచ్చు" అన్నాడు. ఇటు ఆఫీసులో ఒక మిత్రుడు స్టాక్ మతస్థుడు. "ఒక్క బల్బు మార్చినా అది పద్మిని కాదు" అని తీర్మానించేశాడు.

మొదట మిత్రుడి వైపే మొగ్గాను. తీరా లిస్టు రాద్దామని కూర్చుంటే అసలు చిక్కు బయటపడింది. స్టాక్ అంటే ఏ సంవత్సరం స్టాక్?

కంపెనీ ఇచ్చిన రంగు బూడిద. 1996లో అక్క పెళ్ళికి ముందు నాన్న క్రీం రంగు వేయించి, ఆర్సీలో కూడా మార్పించారు. అక్క అత్తారింటికి వెళ్ళింది ఆ క్రీం రంగు కారులోనే. పక్కన కూర్చున్నది ఇప్పుడు అల్లాయ్ వీల్స్ అంటున్న ఈ బావే! డాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను నాన్న పెట్టించిందే. పైన క్యారియర్ పల్లె నుంచి బియ్యం బస్తాలు తేవడానికి. వెనక అద్దం కింద స్పీకర్ల కోసం కోసిన రెండు గుండ్రటి కంతలు మాత్రం నా కాలేజీ రోజుల పుణ్యం.

అన్నిటికన్నా ముఖ్యం క్లచ్ పెడల్. 1991లో స్కూటర్ మీంచి పడ్డాక నాన్న ఎడమ కాలు పూర్తిగా చాపలేకపోయేవారు. మా వీధి చివరి వెల్డింగ్ షాపాయన పెడల్ మీద రెండంగుళాల ఎత్తున ఇనప ముక్క అతికించి ఇచ్చాడు. అది లేకపోతే ఆ తర్వాత మాకు కారు ప్రయాణాలే లేవు. స్టాక్ అంటే ఇవన్నీ పీకెయ్యాలి. గిట్‌లో నలభై ఏళ్ళ కమిట్లని చెరిపేసి, మొదటి కమిట్‌ని ఫోర్స్ పుష్ చేసినట్టు. మిగిలేది 1984లో షోరూంలో నిలబడ్డ ఒక కారు. దానికీ నాన్నకీ ఉన్న పరిచయం ఒక్క రోజుది.

అసలు తయారు చేసినవాళ్ళకే ఈ పట్టింపు లేదు. పద్మినికి డీజిల్ ఇంజను పెట్టి అమ్మారు, చివర్లో గేరుని కింద ఫ్లోర్ మీదికి తెచ్చారు. అంబాసిడర్ సంగతీ అంతే. 1957 నుంచి 2014 దాకా వచ్చిన ఆ బండిలో 1489 సీసీ పాత బ్రిటిష్ ఇంజను పక్కకెళ్ళి ఇసుజు ఇంజను కూడా వచ్చింది.

పైగా ఇప్పటి పెట్రోలుతో నూటికి నూరుపాళ్ళు స్టాక్ ఎలాగూ కుదరదు. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. 1984 నాటి రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం దాన్ని తట్టుకోవడానికి చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, కారతాయి. వేడి ఇంజను పక్కన పెట్రోలు కారడం ఏమంత ముచ్చటైన విషయం కాదు కదా!

మరి బావ దారి? అది ఇంకా కష్టం. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. ఇంజను మార్చాలంటే ఆర్టీఓ అనుమతి ఉండాలి. కాగితాల్లో లేని ఇంజనుతో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళ ముందు మనం ఏం చెప్పుకుంటాం? 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా ఉంటేనే ఆ రిజిస్ట్రేషన్. మా ఫియట్‌కి 2034లో ఆ వయసొస్తుంది. ఇప్పుడు ఇంజను కోసం ముందు భాగం కోసేస్తే ఆ తలుపు శాశ్వతంగా మూసుకున్నట్టే.

నాకు నచ్చిన మాట ఒక పత్రంలో దొరికింది. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా, 2012లో ట్యూరిన్ చార్టర్ అని ఒకటి ఆమోదించింది. అవసరమై ఏదైనా మార్చాల్సి వస్తే బండి రూపాన్నీ నిర్మాణాన్నీ వీలైనంత తక్కువ కదిలించండి, వెనక్కి తిప్పుకోగలిగేలా చేయండి, తీసేసిన ముఖ్యమైన భాగాల్ని బండితోపాటే దాచండి, అని దాని సారాంశం. రోల్‌బ్యాక్ ప్లాన్ లేనిదే ప్రొడక్షన్‌లోకి వెళ్ళొద్దు అన్నట్టే లేదూ!

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దొరికాడు, ఫియట్ల మీదే జుట్టు నెరిసినవాడు. ఇంజను అదే ఉంచి బోరు చేయించాం. పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌కి ఆగేవి వేశాం. బ్రేకులు డ్రమ్ములే, కానీ వీల్ సిలిండర్లు, గొట్టాలు, లైనింగులు మొత్తం కొత్తవి, ముంబై నుంచి తెప్పించాం. వేల కొద్దీ ట్యాక్సీలు తిరిగిన ఊరు మరి, చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయినా సరుకు ఇంకా దొరుకుతోంది. హెడ్‌లైట్లకి రిలేలు పెట్టాం, పాత వైరింగులో ఒక్క తీగా కోయకుండా.

ముందు సీట్లకి బెల్టుల కోసం మాత్రం బాడీకి కొత్తగా కంతలు వేయించాను. ఇది వెనక్కి తిప్పుకునేది కాదని తెలుసు, మిత్రుడు ఇప్పటికీ ముఖం చిట్లిస్తాడు. నా మటుకు నాకు ఆ బెల్టు లేకుండా మా అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టే ఉద్దేశం లేదు. హైదరాబాద్ దాకా వెళ్ళే ఉద్దేశమూ లేదు. తెనాలి వీధుల్లో నలభై దాటక్కర్లేదు. బావకి ఇది రుచించలేదు గానీ, డాష్‌బోర్డు ఫ్యాను తిరిగేసరికి కాస్త చల్లబడ్డాడు.

రంగు క్రీమే. ఆ విషయంలో అక్కతో వాదించే ధైర్యం ఎవరికీ లేదు.

ఇక క్లచ్ పెడల్. నేను నడిపితే ఆ ఇనప ముక్క వల్ల మోకాలు స్టీరింగుకి తగులుతోంది. నాన్న కూర్చుంటే అది లేనిదే కాలు అందదు. ఆటోనగర్ పెద్దాయన ఒక్క నిమిషం చూసి, వెల్డింగు కోసేసి, ఆ ముక్కకే అడుగున క్లాంపు చేసి రెండు బోల్టులతో బిగించాడు. ఫీచర్ ఫ్లాగ్ అన్నమాట! మొన్న సంక్రాంతికి మా వీధి చివరి రైస్‌మిల్లు ఆవరణలో నాన్న మూడు చుట్లు తిప్పారు. మూడో చుట్టులో హారన్ కూడా కొట్టారు, ఎదురుగా ఎవరూ లేకపోయినా. ఆ బోల్టులకి సరిపోయే పదమూడో నంబరు స్పానర్ ఒకటి డాష్‌బోర్డు అరలో పెట్టి ఉంచాను.